అప్పు ఒక పేజీలో, జీతం ఇంకో పేజీలో ఎందుకు? కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీల పెద్దలకు ఒక తెలుగు తల్లి బహిరంగ లేఖ

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా రీజెంట్లకు, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ ట్రస్టీలకు, అన్ని క్యాంపస్‌ల ఎత్నిక్ స్టడీస్ విభాగాధిపతులకు, ఫైనాన్షియల్ ఎయిడ్ అధికారులకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

మాది శాక్రమెంటో దగ్గర. నేను ప్రీస్కూల్లో అసిస్టెంట్ టీచర్ని, మా ఆయన ఒక గోడౌన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్. మా పెద్దమ్మాయి మీ క్యాంపస్‌లలో ఒకదాంట్లో ఎత్నిక్ స్టడీస్ (నల్లజాతి, లాటినో, ఆసియా, ఆదివాసీ మూలాలున్న ప్రజల చరిత్ర, జీవితాల గురించిన చదువు) చదివి 2023లో డిగ్రీ తీసుకుంది. ఇప్పుడు చిన్నమ్మాయి కూడా అదే చదువుతానంటోంది. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు, సరేననడానికి కావలసిన లెక్క మీరు ఇవ్వడం లేదు. మేం అడిగింది చాలా చిన్న ప్రశ్న. ఈ విభాగంలో డిగ్రీ తీసుకున్న పిల్లలకి మామూలుగా ఎంత జీతం వస్తోంది, ఎంత అప్పుతో బయటికి వెళ్తున్నారు, తల్లిదండ్రుల పేరు మీద ఎంత అప్పు ఉంటోంది? ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి రాస్తే డిపార్ట్‌మెంట్‌ని అడగమన్నారు, డిపార్ట్‌మెంట్‌కి రాస్తే ఆఫీసుని అడగమన్నారు, చివరికి నవ్వుతున్న పిల్లల ఫోటోలున్న బ్రోచర్ లింకు ఒకటి వచ్చింది. ఆ తర్వాత రాసిన ఉత్తరాలకి జవాబే లేదు.

అవన్నీ ఇంగ్లీషులోనే రాశాం. ఇది తెలుగులో రాస్తున్నానంటే కారణం, ఇదే ప్రశ్న ఉన్న తెలుగు ఇళ్లు ఈ రాష్ట్రంలో చాలా ఉన్నాయి, వాళ్లు కూడా చదివి మిమ్మల్ని అడగాలని. అనువాదం చేయించుకునే మనుషులు మీ దగ్గర ఉన్నారు.

ముందే ఒక మాట. ఈ చదువు దండగ అని చెప్పడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. అలా అనేవాళ్లకి మా బంధువుల్లోనే కొదవ లేదు. 1968 నవంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి, లాటినో, ఆసియా, ఆదివాసీ మూలాలున్న విద్యార్థులు కలిసి సమ్మె కట్టి, నాలుగు నెలలకు పైగా దెబ్బలూ అరెస్టులూ భరిస్తే, 1969లో అక్కడ ఈ దేశంలోనే మొదటి ఎత్నిక్ స్టడీస్ కాలేజీ వచ్చింది. అదే ఏడు బర్క్‌లీలోనూ విభాగం వచ్చింది. భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని తీర్పు చెప్పిందనీ, 1946 దాకా మనకి ఆ తలుపు మూసే ఉందనీ, మన దరిశి చెంచయ్య గారు చదువు కోసం కాలిఫోర్నియా వచ్చి ఇక్కడే భారత స్వాతంత్ర్యం కోసం పోరాడిన గదర్ పార్టీలో చేరారనీ, 1965 వలస చట్టం రాకపోతే మన ఇళ్లలో సగం ఇక్కడ ఉండేవే కావనీ నాకు చెప్పింది మా పెద్దమ్మాయే. ఆ చదువు విలువ ఏమిటో మా ఇంట్లో ఎవరికీ సందేహం లేదు. దాని ధర గురించే అడుగుతున్నాం. విలువ ఉన్న చదువైతే దాని ధర దాచాల్సిన అవసరం అసలే లేదు కదా.

ఇప్పుడు విషయాలు ఒక్కొక్కటిగా రాస్తాను.

1. లెక్కలు అసలే లేవని నేననను. మీ రెండు యూనివర్సిటీ వ్యవస్థలూ పూర్వ విద్యార్థుల జీతాలు చూపించే పేజీలు పెట్టాయి. 2015 నుంచి కేంద్ర ప్రభుత్వం కాలేజ్ స్కోర్‌కార్డ్ అని నడుపుతోంది, 2019 నుంచి అందులో ఏ కోర్సుకి ఎంత అప్పు, ఎంత జీతం అన్నది కూడా పెడుతున్నారు. కానీ మామూలు తల్లిదండ్రులు వెతికితే ఏం దొరుకుతుందో మీరే ఒకసారి కూర్చుని చూడండి. యూనివర్సిటీ పేజీలో జీతం ఒక చోట, అప్పు ఇంకో చోట, అప్పు చూపించేది కూడా ఎక్కువగా క్యాంపస్ మొత్తానికి సగటే. స్కోర్‌కార్డ్‌లోకి వెళ్తే చిన్న విభాగం కాబట్టి వ్యక్తిగత వివరాలు బయటపడతాయని ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. అంకె ఉన్న చోట కూడా అది ఎత్నిక్ స్టడీస్ ఒక్కదానిదీ కాదు, ఎందుకంటే కేంద్రం పెట్టిన కోర్సుల కోడ్ 05.02 కింద ఎత్నిక్ స్టడీస్, ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్, చికానో (మెక్సికన్ అమెరికన్) స్టడీస్, ఏషియన్ అమెరికన్ స్టడీస్, విమెన్స్ స్టడీస్ ఇంకా కొన్ని కలిపి ఒకే ముద్దగా లెక్కకడతారు. పైగా అందులో కనపడేవి కేంద్ర సాయం తీసుకున్న పిల్లల లెక్కలే. ప్రైవేటు బ్యాంకు అప్పు దాంట్లోకి రాదు. యూనివర్సిటీ సొంత పేజీల్లో ఉండేవి చాలావరకు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసేవాళ్ల జీతాలే, టెక్సస్‌కో న్యూయార్క్‌కో వెళ్లిపోయినవాళ్లు ఆ లెక్కలో ఉండరు. ఇన్ని చోట్ల ఇన్ని ముక్కలు ఏరుకొచ్చి అతికించుకునే ఓపిక, సమయం ఎవరికుంటాయి? రెండు షిఫ్టులు చేసే తల్లిదండ్రులకు మాత్రం ఉండవు.

2. మా ఇంటి లెక్క దాపరికం లేకుండా చెప్తాను, ఎందుకంటే మీరు చెప్పనప్పుడు ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. పెద్దమ్మాయి పేరు మీద 27 వేల డాలర్ల ఫెడరల్ లోన్, మా పేరు మీద 40 వేల పేరెంట్ ప్లస్ లోన్, అంటే పిల్లల చదువు కోసం తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ లోన్. అమ్మాయి నెలకి దాదాపు 270 కడుతోంది, మేం దాదాపు 450. అది అద్దెదారుల తరఫున పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో చేస్తోంది, ఏడాదికి 52 వేలు, పన్నులూ ఇన్సూరెన్సూ పోగా చేతికొచ్చేది నెలకి 3,400 లోపు. ముగ్గురితో కలిసి ఉండే ఇంట్లో దాని గది అద్దె 1,300. పని మంచిది, రోజూ ఎవరో ఒకరి ఇల్లు ఖాళీ చేయించకుండా ఆపుతోంది, దాన్ని చూస్తే నాకు గర్వంగానే ఉంటుంది. కానీ మా ఆయన 62 ఏళ్లకి రిటైర్ అవ్వాలనుకున్నాడు, ఇప్పుడు ఆ మాట ఎత్తడం మానేశాడు. కారు పాడైతే క్రెడిట్ కార్డు, నాకు పంటికి రూట్ కెనాల్ చేయించాలంటే వాయిదా. పెద్దమ్మాయి చదువు తక్కువ వడ్డీల కాలంలో జరిగింది కాబట్టి మాకు ఈ మాత్రంతో పోయింది.

3. చిన్నమ్మాయి లెక్క అలా ఉండదు. 2025-26 విద్యా సంవత్సరానికి డిగ్రీ పిల్లల ఫెడరల్ లోన్ వడ్డీ 6.39 శాతం, పేరెంట్ ప్లస్ వడ్డీ 8.94 శాతం, పైగా పేరెంట్ ప్లస్‌లో డబ్బు చేతికి రాకముందే నాలుగు శాతం పైగా ఫీజు కోసేస్తారు. నాలుగేళ్లలో తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ విద్యార్థి తీసుకోగలిగిన ఫెడరల్ లోన్ 27 వేలు. 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం 2026 జూలై 1 తర్వాత కొత్తగా తీసుకునే పేరెంట్ ప్లస్‌కి పరిమితి ఒక్కో బిడ్డకి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు. ఎవరైనా ఆ పరిమితి అంచు దాకా వెళ్లారనుకోండి, ఇవే వడ్డీలతో పదేళ్లలో తీర్చాలంటే పిల్ల నెలకి 305 దాకా, తల్లిదండ్రులు నెలకి 820 దాకా కట్టాలి. 92 వేలు తీసుకుని దాదాపు లక్షా 35 వేలు కడతారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో హాస్టలూ భోజనమూ అన్నీ కలిపితే ఏడాది ఖర్చు 40 వేలు దాటుతోంది కాబట్టి గ్రాంట్లు రాని మధ్యతరగతి ఇల్లు ఆ అంచు దాకా వెళ్లడం పెద్ద వింతేమీ కాదు. స్టేట్ యూనివర్సిటీ చవక అంటారు, నిజమే, కానీ అక్కడ కూడా 2023 సెప్టెంబర్‌లో ట్రస్టీలు ఏటా 6 శాతం చొప్పున ఐదేళ్ల పాటు ఫీజు పెంచడానికి ఓటేశారు. 5,742 ఉన్న ట్యూషన్ 2028-29కి 7,682 అవుతుంది. ఏటా 6 శాతం జీతం పెరిగే స్వచ్ఛంద సంస్థ ఏదైనా ఉంటే చెప్పండి, పెద్దమ్మాయిని అక్కడ చేరమంటాను.

వాయిదాలు కట్టలేకపోతే ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్ ఉంది కదా అంటారు. కొత్త ప్లాన్‌లో 52 వేల ఆదాయానికి 5 శాతం, అంటే నెలకి దాదాపు 217, అప్పు తీరకపోతే అలా 30 ఏళ్ల దాకా. ముప్పై ఏళ్లు! ఇరవై రెండేళ్ల పిల్ల యాభై రెండేళ్ల దాకా కట్టాల్సి రావచ్చు. పైగా పేరెంట్ ప్లస్‌కి ఆ ప్లాన్ వర్తించదు. అంటే అరవై దగ్గర పడుతున్న మాలాంటి వాళ్లు కొత్తగా ఆ లోన్ తీసుకుంటే, జీతం తగ్గినా వాయిదా ఆ మేరకు తగ్గదు. కట్టకపోతే ట్యాక్స్ రిఫండ్ పట్టుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది, 2025 మేలో అలాంటి వసూళ్లు మళ్లీ మొదలుపెడుతున్నామని ప్రకటించారు. దివాలా తీసినా స్టూడెంట్ లోన్ మామూలుగా రద్దు కాదు.

4. లెక్కలో అసలే కనపడని పిల్లలు ఉన్నారు, వాళ్లలో తెలుగు పిల్లలు చాలా మంది. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్న హెచ్-1బి ఇళ్లలో, హెచ్-4 (డిపెండెంట్) వీసా మీద పెరిగిన పిల్లలకి ఫెడరల్ లోన్ రాదు, ఫెడరల్ గ్రాంటూ రాదు. మూడేళ్ల వయసులో వచ్చి ఇక్కడే హైస్కూల్ పూర్తి చేసినా అంతే. ప్రైవేటు బ్యాంకులు ఎక్కువగా సిటిజన్నో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనో హామీ సంతకం పెట్టమంటాయి, ఆ సంతకం కోసం తల్లిదండ్రులు స్నేహితుల ఇళ్ల చుట్టూ తిరగడం నేను చూశాను. 21 నిండితే ఆ వీసా కూడా పోతుంది. మా వీధిలోనే ఒక అబ్బాయి ఏషియన్ అమెరికన్ స్టడీస్ చదువుతానని ఆశపడి, ఈ కారణాలన్నీ చూసుకుని చివరికి అకౌంటింగ్‌లో చేరాడు. అకౌంటింగ్ మంచి చదువే, కానీ అతను కోరుకుంది అది కాదు. ఇలాంటి పిల్లల అప్పు మీ పట్టికలో లేదు, స్కోర్‌కార్డ్‌లోనూ లేదు. లెక్కలో లేని అప్పు కూడా నెల నెలా కట్టాల్సిందే.

5. ఉద్యోగాల గురించి చెప్పిన మాటలు. 2021 అక్టోబర్‌లో గవర్నర్ ఏబీ 101 అనే బిల్లు మీద సంతకం పెట్టినప్పుడు, 2030లో హైస్కూల్ పూర్తి చేసే పిల్లల నుంచి ఎత్నిక్ స్టడీస్ తప్పనిసరి అవుతుందనీ, 2025-26 నుంచి ప్రతి హైస్కూల్లో ఆ క్లాసు ఉండాలనీ, కాబట్టి టీచర్ల అవసరం బోలెడు ఉంటుందనీ మా అమ్మాయి బ్యాచ్ పిల్లలందరూ నమ్మారు. నమ్మరా మరి, చట్టం అంటే చట్టం కదా. కానీ ఆ చట్టంలోనే రాష్ట్రం డబ్బిస్తేనే అమలు అనే షరతు ఉంది. 2025 బడ్జెట్‌లో డబ్బు పెట్టలేదు, తప్పనిసరి అన్నది ఆగిపోయింది. స్టేట్ యూనివర్సిటీలో 2021-22లో చేరిన పిల్లల నుంచి ఎత్నిక్ స్టడీస్ క్లాసు గ్రాడ్యుయేషన్‌కి తప్పనిసరి అయింది, అది నిజంగానే అమలవుతోంది, దానికి అసెంబ్లీలో పోరాడినవాళ్లని మెచ్చుకోవాలి. కానీ అక్కడ పాఠం చెప్పాలంటే బీఏ సరిపోదు, ఎంఏనో పీహెచ్‌డీనో కావాలి, అంటే ఇంకో అప్పు. హైస్కూల్లో చెప్పాలన్నా డిగ్రీ ఒక్కటి చాలదు, టీచింగ్ క్రెడెన్షియల్ అనే లైసెన్సు కావాలి, మామూలుగా దానికి ఇంకో ఏడాది ఫీజు, జీతం లేని స్టూడెంట్ టీచింగ్. ఈ సంగతి అడ్మిషన్ రోజే ఒక వాక్యంలో చెప్పి ఉంటే పెద్దమ్మాయి స్నేహితురాళ్లలో కనీసం కొందరు మొదటి ఏడాది నుంచే దానికి తగ్గట్టు సబ్జెక్టులు ఎంచుకునేవాళ్లు.

6. రెండో డిగ్రీ దారి కూడా ఇరుకవుతోంది. ఈ చదువు చదివిన పిల్లలు ఎక్కువగా వెళ్లేది సోషల్ వర్క్, టీచింగ్, పబ్లిక్ హెల్త్, లా, ప్రభుత్వ ఉద్యోగాల వైపు. మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్‌లో కనీసం 900 గంటల ఫీల్డ్ పని చేయాలి, చాలా చోట్ల దానికి పైసా ఇవ్వరు, ఆ గంటల్లో వేరే ఉద్యోగం చేసుకునే వీలుండదు. 2026 జూలై 1 తర్వాత కొత్తగా చేరేవాళ్లకి, పై చదువుల కోసం ఇచ్చే గ్రాడ్ ప్లస్ ఫెడరల్ లోన్ అనేదే లేదు. మామూలు మాస్టర్స్‌కి ఏడాదికి 20,500, మొత్తం లక్ష. లా, మెడిసిన్ లాంటి వాటికి ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షలు. సోషల్ వర్క్‌నీ టీచింగ్‌నీ ఆ రెండో జాబితాలో పెట్టకుండా విద్యాశాఖ ప్రతిపాదన తయారు చేసింది. పరిమితి పెడితే యూనివర్సిటీలు ఫీజులు తగ్గిస్తాయని కొందరు అంటున్నారు. తగ్గిస్తే మంచిదే. తగ్గించకపోతే మిగిలేది ప్రైవేటు బ్యాంకు, అక్కడ ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్ ఉండదు, పదేళ్ల తర్వాత మాఫీ ఉండదు.

మాఫీ అంటే 2007లో వచ్చిన పబ్లిక్ సర్వీస్ లోన్ మాఫీ పథకం. ప్రభుత్వ ఉద్యోగంలోనో స్వచ్ఛంద సంస్థలోనో ఉంటూ 120 వాయిదాలు కడితే మిగిలింది రద్దు. పెద్దమ్మాయి ఆశంతా దాని మీదే. 2025 అక్టోబర్‌లో ఆ పథకానికి కొత్త నిబంధన తెచ్చారు, చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో పనిచేస్తోందని విద్యాశాఖ అనుకున్న సంస్థని పథకం నుంచి తీసేయొచ్చు. వలస వచ్చినవాళ్లకి సాయం చేసే సంస్థలన్నీ ఇప్పుడు ఆ టెన్షన్‌లో ఉన్నాయి, కొన్ని రాష్ట్రాలూ నగరాలూ కోర్టుకెళ్లాయి. ఈ డిగ్రీ చదివిన పిల్లలు పనిచేసేది సరిగ్గా ఇలాంటి సంస్థల్లోనే. పదేళ్ల లెక్క వేసుకుని ఉద్యోగంలో చేరిన పిల్లకి మధ్యలో సంస్థ పేరు జాబితాలోంచి పోతే ఎవరు జవాబు చెప్తారు?

7. ఇదే నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ. పైన చెప్పిన 2025 కొత్త చట్టం ప్రకారం ఒక డిగ్రీ కోర్సు పూర్తి చేసినవాళ్ల మధ్యస్థ జీతం (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే అంకె) నాలుగేళ్ల తర్వాత కూడా, ఆ రాష్ట్రంలో హైస్కూల్‌తో ఆగిపోయి ఉద్యోగం చేస్తున్న 25 నుంచి 34 ఏళ్ల వాళ్ల మధ్యస్థ జీతం కంటే తక్కువగా ఉంటే, మూడేళ్లలో రెండేళ్లు అలా జరిగితే, ఆ కోర్సుకి ఫెడరల్ లోన్లు ఆగిపోతాయి. ఇందులో గమనించాల్సింది, ఈ పరీక్ష అప్పు వైపు అసలు చూడదు. 2023లో వచ్చిన నిబంధనలు జీతంలో ఎన్నో వంతు అప్పు వాయిదాకి పోతోందని కూడా చూశాయి, ఏడాది జీతంలో 8 శాతం అనే గీత ఒకటి పెట్టాయి. కొత్త పరీక్షలో అది లేదు. అంటే తక్కువ అప్పుతో, కొంచెం తక్కువ జీతంతో పిల్లల్ని బయటికి పంపే చిన్న విభాగం పరీక్షలో ఫెయిలవుతుంది, భారీ అప్పు మోయించి జీతం కొంచెం ఎక్కువ చూపించే కోర్సు పాసవుతుంది. కుటుంబానికి ఏది ఎక్కువ నష్టం? మీరు అప్పు లెక్క బయటపెట్టకపోతే ఈ తేడా ఎవరికీ తెలియదు. ఎత్నిక్ స్టడీస్ అంటేనే గిట్టనివాళ్లు జీతం అంకె ఒక్కటి పట్టుకుని విభాగం మూసేయమంటారు, మీ దగ్గర జవాబు చెప్పడానికి ఏమీ ఉండదు. లోన్లు ఆగితే డబ్బున్న ఇళ్ల పిల్లలు ఎలాగూ చదువుకుంటారు. 1968లో ఎవరి పిల్లల కోసం ఆ సమ్మె జరిగిందో వాళ్ల పిల్లలే బయట ఉండిపోతారు.

తెలుగు తల్లిదండ్రులకి కూడా ఇక్కడే రెండు మాటలు. పిల్లలు ఈ చదువు పేరెత్తగానే "కంప్యూటర్స్ తీసుకో, టెన్షన్ ఉండదు" అనేస్తున్నాం. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2025లో పెట్టిన పట్టికలో కొత్తగా కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవాళ్లలో నిరుద్యోగం 6.1 శాతం. ఏ చదువుకీ గ్యారంటీ కార్డు లేదు. జీతం తేడా ఉంటుంది, చాలా ఉంటుంది, అది పిల్లలకి చెప్పాల్సిందే. కానీ చెప్పేటప్పుడు ఎగతాళి కాకుండా లెక్కలు ముందు పెట్టండి. తక్కువ అప్పుతో చదివే దారులు ఉన్నాయా, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి బదిలీ అయితే ఎంత మిగులుతుంది, ఇంటి నుంచే వెళ్లొచ్చే స్టేట్ క్యాంపస్ ఏది, ఎత్నిక్ స్టడీస్‌తో పాటు పబ్లిక్ పాలసీనో స్టాటిస్టిక్సో కలిపి చదవొచ్చా, ఇవి అడగండి. నేను చిన్నమ్మాయితో ఇప్పుడు మాట్లాడుతోంది ఇవే.

అధికారులకి మా డిమాండ్లు ఇవి.

1. ప్రతి క్యాంపస్‌లో, ప్రతి విభాగానికి, ఒకే పేజీలో, ఒకే వరుసలో, డిగ్రీ తర్వాత ఒక ఏడాదికి, ఐదేళ్లకి, పదేళ్లకి మధ్యస్థ జీతం, విద్యార్థి అప్పు, తల్లిదండ్రుల అప్పు, తెలిసినంత మేరకు ప్రైవేటు అప్పు పెట్టండి. విద్యార్థులు తక్కువగా ఉన్నారని గడి ఖాళీగా వదలొద్దు. ఐదేళ్ల బ్యాచ్‌లు కలిపి చూపించండి, ఎంతమందిని కలిపారో పక్కనే రాయండి. చదువుల, ఉద్యోగాల వివరాలు ఒకచోట కలపడానికి రాష్ట్రం డబ్బు పెట్టి కట్టిన క్రేడిల్ టు కెరీర్ డేటా వ్యవస్థ ఉంది కదా, దాన్ని దీనికి వాడండి.

2. ఎత్నిక్ స్టడీస్, దాని కింద ఉన్న ఒక్కో శాఖ జీతాలు విడివిడిగా ఇవ్వండి. పై చదువులకి వెళ్లినవాళ్లు ఎంతమంది, ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఎంతమంది అన్నది వేరుగా చెప్పండి, ఎందుకంటే లా స్కూల్లో ఉన్న పిల్ల జీతం సున్నా అని విభాగాన్ని తక్కువ చేయడం అన్యాయం, ఆ పిల్ల కొత్త అప్పు లెక్కలో లేకపోవడమూ అన్యాయమే.

3. ఫెడరల్ సాయం రాని హెచ్-4 పిల్లలూ, పత్రాలు లేని పిల్లలూ ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఫీజు ఎలా కడుతున్నారు అన్నది పేర్లు లేకుండా సేకరించి ప్రచురించండి. వాళ్లకి క్యాంపస్ గ్రాంట్లలో వాటా పెట్టండి.

4. ఈ మేజర్‌లో తప్పనిసరిగా చేయమనే ఇంటర్న్‌షిప్‌లకి డబ్బివ్వండి. స్వచ్ఛంద సంస్థ ఇవ్వలేకపోతే యూనివర్సిటీ ఇవ్వాలి, క్రెడిట్ల పేరుతో ఫీజు తీసుకుంటోంది మీరే కదా.

5. స్టేట్ యూనివర్సిటీలో కొన్ని సబ్జెక్టుల్లో డిగ్రీతో పాటే నాలుగేళ్లలో టీచింగ్ క్రెడెన్షియల్ ఇచ్చే ఇంటిగ్రేటెడ్ కోర్సులు ఉన్నాయి. ఎత్నిక్ స్టడీస్ పిల్లలకి అలాంటి దారి ప్రతి క్యాంపస్‌లో తెరవండి. ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది అద్దె మిగలడమంటే ఇలాంటి ఇళ్లకి ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

6. ఫెడరల్ జీతాల పరీక్షలో ఏ విభాగమైనా అంచున ఉందని తెలిస్తే, ఆ సంగతి విద్యార్థులకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. అప్పటికే చేరిన పిల్లలు డిగ్రీ పూర్తి చేసేదాకా లోన్ బదులు గ్రాంటు ఇవ్వండి. అంకె తక్కువ వచ్చిందని విభాగం మూసే ముందు దాని అప్పు అంకె కూడా ప్రజల ముందు పెట్టి బహిరంగ విచారణ జరపండి.

7. ఏబీ 101కి డబ్బు పెట్టమని రీజెంట్లు, ట్రస్టీలు శాసనసభని బహిరంగంగా అడగాలి. పెట్టరని తేలితే ఆ మాట మీ బ్రోచర్లలో రాయండి, ఇంకో బ్యాచ్ పిల్లలు రాని ఉద్యోగాల మీద అప్పు చేయకుండా ఉంటారు.

ఇవన్నీ ఒక్క రోజులో అయ్యే పనులు కావని తెలుసు. గ్రాంట్లకీ కొత్త కోర్సులకీ బడ్జెట్లు కావాలి, మీటింగులు కావాలి. కానీ మొదటి డిమాండ్‌కి మాత్రం కొత్తగా ఏమీ కనిపెట్టాల్సిన పని లేదు. ఏ విద్యార్థికి ఎంత అప్పు ఇచ్చారో మీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుల్లో ఉంది, జీతాల వివరాలు మీ పేజీల్లోనే ఉన్నాయి. రెండూ కలిపి ఒక చోట పెట్టడమే. ఈ రాష్ట్రంలో హైస్కూల్ పూర్తి చేసే పిల్లలు సీటు ఖాయం చేసుకోవడానికి గడువు సాధారణంగా మే 1. ఆ తేదీకి కనీసం నెల ముందు ఈ పేజీ సిద్ధంగా ఉండాలి, అడ్మిషన్ వచ్చిన ప్రతి ఇంటికీ వెళ్లే ఎయిడ్ లెటర్‌లో దాని లింకు ఉండాలి. జవాబు నా ఒక్కదానికి రాయొద్దు, అందరూ చదివేలా మీ వెబ్‌సైట్‌లో పెట్టండి.

ఇట్లు,
ఇద్దరు ఆడపిల్లల తల్లి,
శాక్రమెంటో ప్రాంతం, కాలిఫోర్నియా